నేతిబీరకాయలో నెయ్యి

ఈ మధ్య ఏ పత్రిక తిరగేసినా, ఏ సెల్ ఫోను తెరిచినా ఒక తీపి కబురు కనిపిస్తోంది. చాక్లెట్టు గుండెకు మంచిదట! రక్తనాళాలు విప్పారుతాయట. మెదడుకు రక్తం బాగా అందుతుందట. జ్ఞాపకశక్తి పెరుగుతుందట. పరీక్షలు దగ్గర పడేసరికి హాస్టలు గదుల్లో పుస్తకాల పక్కన రంగు కాగితాలు పేరుకోవడానికి ఈ కబురు కూడా ఒక కారణం. "ఒరే, ఒక ముక్క నోట్లో వేసుకోరా, బుర్ర పనిచేస్తుంది" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. సైన్సు చదివే కుర్రవాళ్ళే ఈ మాట అంటుంటే ఆర్ట్సు వాళ్ళను అనడానికేముంది!

ఇందులో నిజం లేదా అంటే, ఉంది. కాని అది గోరంత. ఆ గోరంత కూడా కోకో గింజలో ఉన్నది. అంగట్లో కొనే చాక్లెట్టులో ఉన్నది కాదు. ఈ రెండింటికీ మధ్య దూరం ఎంతో తెలుసుకోకపోతే నష్టపోయేది పట్నం షోకిలాలు కాదు, ఇంటినుంచి నెలకింత అని తెచ్చుకుని లెక్కగా ఖర్చు పెట్టుకునే మనబోటివాళ్ళు, మన ఇళ్ళల్లో తల్లులు.

ఈ విషయం మన జిల్లాలో కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక ప్రత్యేక కారణం కూడా ఉంది. తడ దగ్గర జాతీయ రహదారి మీద నిలబడండి. తూర్పున పులికాట్ సరస్సు, అందులో ఇరకం వంటి దీవులు, వలలు, పడవలు, కొంగలు. పడమటి దిక్కున శ్రీసిటీ. ఆ శ్రీసిటీలోనే 2016 ఏప్రిల్‌లో క్యాడ్‌బరీ చాక్లెట్లు చేసే మాండెలీజ్ కంపెనీ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. 134 ఎకరాల స్థలం. ఆసియా పసిఫిక్ ప్రాంతం మొత్తంలో ఆ కంపెనీకి అదే అన్నింటికంటే పెద్దదని అప్పుడు ప్రకటించారు. ఇక కోకో గింజ సంగతికొస్తే, దేశంలో ఎక్కువ పండించేది మన రాష్ట్రమే. ఏలూరు, పశ్చిమ గోదావరి పక్క కొబ్బరి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో అంతర పంటగా వేస్తారు. 2024లో పశ్చిమ ఆఫ్రికాలో పంట దెబ్బతిని ప్రపంచమంతటా కోకో ధర ఆకాశానికంటింది; మరుసటి ఏడు ధర పడిపోయి మన రైతులు రోడ్డెక్కారు. అంటే గింజా మనదే, ఫ్యాక్టరీ మన గడపలోనే, తినేవాళ్ళమూ మనమే. మధ్యలో ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు మనకు లేకపోతే మరెవరికుంది?

మొదట నిజమైన గోరంత సంగతి చెప్పుకుందాం. అది గొప్ప కథే.

పనామా దేశానికి కరీబియన్ తీరాన చిన్న చిన్న దీవులున్నాయి. శాన్ బ్లాస్ దీవులంటారు. అక్కడ కూనా అనే ఆదివాసులు ఉంటారు. లోకంలో ఎక్కడైనా వయసు మీరేకొద్దీ రక్తపోటు పెరుగుతుంది గదా; ఈ కూనాలకు పెరగదు! 1990లలో హార్వర్డ్ వైద్యుడు నార్మన్ హాలెన్‌బర్గ్ ఈ వింత ఏమిటో తేల్చుకుందామని అక్కడికి వెళ్ళాడు. బహుశా వంశంలో ఏదో రక్షణ ఉన్నదని ఆయన ఊహ. తీరా చూస్తే అదే కూనాలు దీవి విడిచి పనామా సిటీకి వలసపోయి స్థిరపడితే వాళ్ళకూ అందరిలాగే రక్తపోటు వస్తోంది. కనుక వంశం కాదు. పోనీ ఉప్పు తక్కువ తింటారా అంటే, అదీ కాదు. కనిపించిన పెద్ద తేడాల్లో ఒకటి కోకో. దీవుల్లో వాళ్ళు పెద్దగా శుద్ధి చేయని కోకోను కాచి రోజుకు నాలుగైదు కప్పులు తాగుతారు. పట్నం చేరినవాళ్ళు తాగేది అంగడి డబ్బాలోని పొడి.

అంతటితో కోకోకే కిరీటం పెట్టేయకూడదు. దీవిలో మనిషి పడవ నడుపుతాడు, చేపలు తింటాడు, నడుస్తాడు. ఫ్యాక్టరీ తిండి ఎరగడు. పట్నం వెళితే ఇవన్నీ ఒకేసారి మారతాయి. ఏది దేనివల్ల జరిగిందో విడదీసి చెప్పడం కష్టం. అయితే ఆ పరిశీలనతో శాస్త్రజ్ఞులకు ఒక దారి దొరికింది. కోకో గింజలో ఫ్లావనాల్స్ అనే పదార్థాలున్నాయి. వాటిలో ముఖ్యమైనది ఎపికాటెచిన్. ఇది రక్తంలో చేరి ఏం చేస్తుందో ప్రయోగశాలలో, మనుషుల మీద పరీక్షించడం మొదలుపెట్టారు.

ఇక్కడ కొంచెం శరీరశాస్త్రం అవసరం. మన రక్తనాళాలు ఇంట్లో నీళ్ళ పైపుల్లాంటి మొద్దు గొట్టాలు కావు. లోపలి గోడకు ఒక పలుచని కణాల పొర ఉంటుంది. చాలాకాలం దాన్ని ఉత్త అస్తరు బట్ట లాంటిదే అనుకున్నారు. 1980లో అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళపు ముక్కలతో ఒక సంగతి నిరూపించాడు: ఆ పొర చెక్కుచెదరకుండా ఉంటే నాళం మందుకు స్పందించి సడలుతుంది, ఆ పొరను గీకేస్తే సడలదు. అంటే నాళానికి "సడలు" అని ఆజ్ఞ ఇచ్చేది ఆ పొరే! ఆ ఆజ్ఞ నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు రూపంలో వెళుతుందని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్‌కూ, ఇగ్నారో, మురాద్ అనే మరిద్దరికీ దీనికే నోబెల్ బహుమతి వచ్చింది. కోకోలోని ఎపికాటెచిన్ ఆ పొరలో నైట్రిక్ ఆక్సైడ్ లభ్యత పెరిగేటట్లు చేస్తుంది. నాళం కొద్దిగా విప్పారుతుంది, రక్తం సాఫీగా పారుతుంది. ఇది ఊహ కాదు. బీపీ చూసే పట్టీని చేతికి అయిదు నిమిషాలు గట్టిగా బిగించి, వదిలి, నాళం ఎంత విప్పారిందో అల్ట్రాసౌండుతో కొలుస్తారు. కోకో ఫ్లావనాల్స్ తీసుకున్నవారిలో నాళం ఎక్కువ విప్పారడం చాలా ప్రయోగాల్లో కనిపించింది. రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ నాళాల సాగే గుణానికి తోడ్పడతాయని యూరపు ఆహార భద్రతా సంస్థ 2012లో ఒప్పుకుంది కూడా.

మరి దీనివల్ల రోగికి ఒరిగేది ఎంత? ఇక్కడ లెక్క కావాలి, ఉత్సాహం కాదు. 2017లో కాక్రేన్ సంస్థ 35 ప్రయోగాలను కలిపి చూసింది. రక్తపోటు తగ్గింది, నిజమే. ఎంత? సగటున సుమారు 2 పాయింట్లు. ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇచ్చే మామూలు బీపీ మాత్ర దీనికి నాలుగు రెట్లకు పైగా తగ్గిస్తుంది.

అన్నింటికంటే పెద్ద ప్రయోగం ఫలితాలు 2022లో అమెరికాలో వెలువడ్డాయి. కాస్మోస్ అని పేరు. 21,442 మంది, అందరూ అరవై దాటినవారు. సగం మందికి రోజూ 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ ఉన్న కోకో సారం బిళ్ళలు, సగం మందికి ఉత్తుత్తి బిళ్ళలు. మూడున్నరేళ్ళు చూశారు. గుండెపోటు, పక్షవాతం వగైరాలన్నీ కలిపి లెక్కించినప్పుడు కోకో వారిలో కొంచెం తక్కువ కనిపించింది గాని, అది యాదృచ్ఛికం కాదని చెప్పగలిగినంత తేడా కాదు. గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవారు మాత్రం 27 శాతం తక్కువ. ఆశ పుట్టించే అంకె. అయితే ప్రయోగం ముఖ్యంగా తేల్చాలనుకున్నది అది కాదు గనుక, మరొక ప్రయోగం ధ్రువపరిచేదాకా పట్టుబట్టి చెప్పలేమని పరిశోధకులే అన్నారు. ఒక ముఖ్యమైన సంగతి: వాళ్ళకిచ్చినది బిళ్ళలు. చాక్లెట్టు కాదు!

ఇక మన విద్యార్థులకు ప్రియమైన మెదడు మాట. 2014లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు 50 నుంచి 69 ఏళ్ళ మధ్య వయసున్న 37 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 900 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్, కొందరికి 10 మిల్లీగ్రాములు మూడు నెలలు ఇచ్చారు. ఎక్కువ తీసుకున్నవారికి మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన ఒక చిన్న భాగానికి రక్తప్రసారం పెరిగింది; ఒక రకం జ్ఞాపక పరీక్షలో మెరుగయ్యారు. పత్రికలు ఎగిరి గంతేశాయి. కాస్మోస్‌లో భాగంగా 2,262 మంది మీద మూడేళ్ళు చేసిన పరీక్షలో మాత్రం కోకో వల్ల మొత్తం మీద మేధాశక్తికి ప్రయోజనం కనిపించలేదు. 2023లో మరో 3,562 మంది ఫలితాలు వచ్చాయి. అందరినీ కలిపి చూస్తే నిలిచే లాభం లేదు. కాని మొదటినుంచీ తిండి సరిగా లేనివారిలో, ఫ్లావనాల్స్ తక్కువగా తినేవారిలో జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది. ఈ చివరి మాట నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. లోటు ఉన్నచోట పూడ్చితే లాభం ఉంది. లోటు లేనిచోట గుమ్మరిస్తే ఏమీ లేదు. మన ఊళ్ళో ఏ అవ్వను అడిగినా పైరుకు ఎరువు సంగతిలో ఇదే చెబుతుంది.

ఇరవై ఏళ్ళవాళ్ళ మాట ఏమిటి? 2020లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పరిశోధకులు 18 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశారు. ఫ్లావనాల్స్ మెండుగా ఉన్న కోకో తాగాక చాలామందికి మెదడు ముందు భాగంలో ఆక్సిజన్ బాగా అందింది. బాగా కష్టమైన పరీక్షలో కొంత వేగం కనిపించింది. సులువైన పరీక్షలో ఏ తేడా లేదు. పద్దెనిమిది మంది! మన తరగతిలో ఒక బెంచీ వరస. దీన్ని పట్టుకుని రూపాయి పెట్టి కొన్న చాక్లెట్టు మనల్ని ఫస్టు క్లాసులో పాసు చేయిస్తుందనుకుంటే అది మన అమాయకత్వం.

2012లో ఒక వైద్య పత్రికలో మెసెర్లీ అనే గుండె వైద్యుడు ఏ దేశం ఎక్కువ చాక్లెట్టు తింటే ఆ దేశానికి అన్ని ఎక్కువ నోబెల్ బహుమతులని గీత గీసి చూపాడు. స్విట్జర్లాండు అన్నింటికీ పైన ఉంది. ఆయన సగం వేళాకోళంగా రాశాడు. పత్రికలు మాత్రం వేళాకోళాన్ని వదిలేసి గీతను అచ్చువేశాయి. చాక్లెట్లు కొనే దేశానికి ప్రయోగశాలలు కట్టడానికీ డబ్బుంటుంది, అంతే సంగతి. 1930లో రామన్ గారికి బహుమతి వచ్చింది చాక్లెట్టు తిన్నందుకు కాదని మనకు తెలుసు.

ఇంతకంటే పెద్ద పాఠం 2015లో జరిగింది. జాన్ బొహానన్ అనే అమెరికా విలేఖరి, చాక్లెట్టు తింటే ఒళ్ళు తగ్గుతుందని ఒక ప్రయోగం కావాలనే నాసిరకంగా చేయించాడు. మనుషులు పదిహేను పదహారు మంది. కొలిచినవి పద్దెనిమిది రకాలు. ఇన్ని రకాలు కొలిస్తే ఏదో ఒకటి యాదృచ్ఛికంగా కలిసి వస్తుందని స్టాటిస్టిక్సు చదివినవాళ్ళకు తెలుసు. డబ్బు కడితే అచ్చువేసే ఒక పత్రికలో దాన్ని వేయించాడు. ఇంకేముంది, దేశదేశాల పత్రికలు మొదటి పేజీలకెక్కించాయి. ఒక్కరైనా ఎంతమంది మీద చేశావని అడగలేదట! తీపి వార్తకు ఎవరూ సాక్ష్యం అడగరు.

ఇక అసలు సంగతికి వద్దాం. గింజలో ఉన్న గుణం మన చేతికొచ్చే కాగితంలో ఎంత మిగులుతుంది?

కోకో కాయ కోసి పచ్చి గింజను కొరికితే తీపి ఉండదు. చేదు, దాని వెంట పచ్చి జామకాయ కొరికినట్టు నోరంతా వగరు. ఆ వగరు, చేదుల్లో పెద్ద పాలు ఫ్లావనాల్స్‌దే. అంటే చాక్లెట్టు చెయ్యడమంటే ఈ వగరును పోగొట్టడమే! గింజల్ని గుజ్జుతో సహా పెట్టెల్లో పోసి అయిదారు రోజులు పులియబెడతారు, కొంత పోతుంది. ఎండబెడతారు, వేయిస్తారు, ఇంకొంత పోతుంది. ఆ పైన పొడికి క్షారం తగిలిస్తారు. రంగు నల్లబడుతుంది, చేదు చస్తుంది, పాలల్లో చక్కగా కలుస్తుంది. క్షారం బాగా తగిలించిన పొడిలో మిగిలేది మామూలు పొడిలో ఉన్నదాంట్లో దాదాపు పదో వంతేనని అమెరికాలో కొలిచి చూపారు. ఈ పద్ధతిని డచ్చి పద్ధతి అంటారు. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం పేరు మీద ప్రసిద్ధి. కోకో నుంచి వెన్న పిండే యంత్రానికి 1828లో హక్కులు పొందినదీ వాళ్ళే. ఆ డచ్చివారే 1613 నుంచి మన పులికాట్ రేవులో కోట కట్టుకుని, ఇక్కడి నేతబట్టలు ఓడలకెత్తి రెండు శతాబ్దాలు వ్యాపారం చేశారు. 1825లో కోటను ఇంగ్లీషువారికి అప్పగించి పోయారు. మూడేళ్ళకు అక్కడ కోకో యంత్రం వచ్చింది. మన సరస్సుకూ చాక్లెట్టుకూ ఇంత పాత చుట్టరికం ఉందని సరదాకు చెప్పానే గాని, దానికీ దీనికీ కార్యకారణ సంబంధం ఏమీ లేదు. మళ్ళీ మెసెర్లీ గీతలా అయిపోతుంది!

కనుక నల్లగా ఉంటే మంచిదనే మాట కూడా నమ్మదగింది కాదు. నలుపు క్షారం వల్ల కూడా వస్తుంది. పైగా 2022 డిసెంబరులో అమెరికాలో ఒక వినియోగదారుల పత్రిక 28 రకాల డార్క్ చాక్లెట్లు పరీక్షిస్తే 23 రకాల్లో, రోజుకొక చిన్న ముక్క తిన్నా ఆలోచించాల్సినంత సీసమో, కాడ్మియమో కనిపించింది.

మన దేశపు చట్టం ఏమంటుందో చూడండి. మిల్క్ చాక్లెట్టు అని పేరు పెట్టుకోవాలంటే కొవ్వు, తేమ తీసివేయగా మిగిలే కోకో పదార్థం నూటికి రెండున్నర పాళ్ళుంటే చాలు. ఫ్లావనాల్స్ ఉండేది ఆ రెండున్నర పాళ్ళలోనే. మామూలుగా ఇందులో సగం దాకా, ఒక్కోసారి ఆపైన, చక్కెరే. నేతిబీరకాయలో నెయ్యంటే ఇదే! 2023లో అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ కోకో గురించి ఒక ప్రకటనకు అనుమతిస్తూ ఏం షరతు పెట్టిందో ఎవరూ అచ్చువెయ్యలేదు. ఆ అనుమతి ఫ్లావనాల్స్ నూటికి నాలుగు పాళ్ళు నిలిపి ఉంచిన ప్రత్యేకపు పొడికి మాత్రమే. మామూలు కోకో పొడికీ, చాక్లెట్టుకూ వర్తించదు. ఆ పొడి మీద కూడా ఆధారాలు చాలా పరిమితమని రాయాలి.

ఫ్యాక్టరీని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. శ్రీసిటీ వల్ల మన పక్క ఎందరో ఆడపిల్లలకు నెలజీతం చేతికొచ్చింది. అది చిన్న సంగతి కాదు. చాక్లెట్టును చాక్లెట్టుగా అమ్మితే ఎవరికీ పేచీ లేదు. పుట్టినరోజుకు తినండి, స్నేహితుడికి ఇవ్వండి. లిన్నేయస్ మహాశయుడు 1753లో ఆ చెట్టుకు దేవతల ఆహారం అని అర్థమొచ్చే పేరు పెట్టాడు. తిరుపతి వాళ్ళం, దేవుడి ఆహారం ఏదో మనకొకరు చెప్పక్కర్లేదు గాని, లడ్డును మనం ఎన్నడూ మందని చెప్పి అమ్మలేదు. పేచీ అంతా మందు వేషం దగ్గరే.

ఈ వేషం పిల్లల పాలపొడి డబ్బాల దగ్గర మరీ ఎక్కువ. మా తీరపు పల్లెల్లో చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. చేతిలో కాసులాడని రోజులు. అప్పుడు కూడా గూట్లో కోకో రంగు పొడి డబ్బా ఒకటి ఉంటుంది. "బిడ్డకు బుర్ర పెరగాలంటే ఇది పొయ్యాలంటగదబ్బా, టీవీలో చెప్తాండారు" అంటుంది తల్లి. ఆ తల్లిని తప్పు పట్టగలమా? బిడ్డ చదువుకుని బాగుపడాలన్న ఆశకే గదా వాళ్ళు ధర కట్టింది! 2023లో ఒక యువకుడు బోర్న్‌విటా డబ్బాలో చక్కెర ఎంతో లెక్కగట్టి వీడియో పెడితే దేశమంతా గొడవైంది. జాతీయ బాలల హక్కుల సంఘం కంపెనీకి నోటీసిచ్చింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం, ఇలాంటి పొడులను "హెల్త్ డ్రింక్" అనే వరసలో చూపవద్దని ఆన్‌లైన్ అంగళ్ళకు చెప్పింది. చట్టంలో అసలు అలాంటి పేరే నిర్వచించలేదు! ఆన్‌లైన్ అంగట్లో వరస మారింది సరే, పల్లెలో తల్లి మనసులో పడ్డ ముద్ర ఎవరు మార్చాలి? ఆ ఇంటినుంచి డిగ్రీ చదవడానికి వచ్చిన కొడుకో, కూతురో మార్చాలి.

పెరటిచెట్టు మందుకు రాదన్న సామెత ఊరికే రాలేదు. ఈ ఫ్లావనాల్స్ కోకో సొత్తేమీ కాదు. వగరున్నచోట వెతకండి. టీ ఆకులో ఉన్నాయి. ద్రాక్షలో, యాపిల్‌లో ఉన్నాయి. మన రాయలసీమ వేరుశెనగ పప్పు మీద ఎర్రటి పొట్టు ఉంది చూశారూ, అందులో ఇదే కుదురుకు చెందిన పదార్థాలు మెండుగా ఉన్నాయి. మనం ఏం చేస్తాం? వేయించి, అరచేతుల్లో నలిపి, ఉఫ్‌మని ఊదేస్తాం! ఊదేసి, చేతులు దులుపుకుని, చాక్లెట్టు కొనుక్కుంటాం. 2022లో అమెరికా పోషకాహార నిపుణుల సంఘం ఈ పదార్థాలు రోజుకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు తిండి ద్వారా అందితే మేలని సూచించింది. వాళ్ళు చెప్పిన జాబితాలో చాక్లెట్టు కంటే ముందు నిలిచేవి టీ, పండ్లు.

అలాగని వేరుశెనగ పొట్టును డబ్బాలో పోసి అమ్మమని నేను చెప్పడం లేదు. వగరంతా అమృతం కాదు. వక్క సంగతి చూడండి. వక్కలోనూ ఇదే జాతి వగరు పదార్థాలు పుష్కలంగా ఉన్నాయి. అయినా వక్క క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ 2004లో తేల్చింది. ఒక పదార్థం పేరు చెప్పి ఒక తిండిని మంచిదనడం ఎంత తప్పుదారో ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి? తినేది పదార్థాన్ని కాదు, వస్తువు మొత్తాన్ని.

మళ్ళీ కూనాల దగ్గరికి వస్తాను. ఆ కథలో అందరూ కోకో కప్పునే చూశారు. నాకు మాత్రం పట్నం చేరిన కూనాలే కళ్ళముందు మెదులుతారు. దీవి విడిచారు, నడక తగ్గింది, కొన్న తిండి పెరిగింది, రక్తపోటు వచ్చింది. మా పులికాట్ పక్క ఇప్పుడు జరుగుతున్నది అచ్చం ఇదే. నిన్నటిదాకా తెడ్డేసిన చేతులు ఇవాళ షిఫ్టు బస్సు కమ్మీ పట్టుకుంటున్నాయి. దానికి తోడు మనకు ఉప్పు ఒకటి. ఎండబెట్టిన ఉప్పుచేప (మా పక్క కరవాడంటాం), ఊరగాయ, అప్పడం లేనిదే ముద్ద దిగదు. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంటే అన్నింటిలో పడేది కలిపి ఒక చిన్న చెంచాడు. కరవాడు పులుసు ఒక పూట తింటే చెంచా నిండినట్టే.

మన రాష్ట్రంలో వయోజనుల్లో సుమారు నలుగురిలో ఒకరికి రక్తపోటు ఎక్కువుందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అది నొప్పి పెట్టే జబ్బు కాదు. అందుకే చాలామందికి ఉన్నట్టే తెలియదు. "మాయమ్మకు కాలూ చెయ్యీ పడిపొయ్యిందాకా బీపీ ఉండాదనే తెలీదబ్బా" అని ఇరకం పడవలో నా పక్కన కూర్చున్నాయన అన్నాడు. ఆ మాట వినడానికి ఎంత మామూలుగా ఉందో! పక్షవాతం వచ్చాక మూడు నాలుగు గంటల్లో పెద్దాసుపత్రి చేరితే మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షనుకు వీలుంటుంది. దీవి నుంచి పడవ, భీమునివారిపాలెం రేవు నుంచి ఆటో, అక్కడినుంచి సూళ్ళూరుపేట, ఆ పైన తిరుపతో మద్రాసో. లెక్క మీరే వేసుకోండి. మెదడుకు రక్తం అందడమంటే మా వాళ్ళకు పరీక్షలో మార్కులు కాదు, ఈ ప్రయాణం.

అందుచేత విద్యార్థి సంఘం పెద్దలకు, ఎన్.ఎస్.ఎస్. లెక్చరర్లకు నాదొక మనవి. ఏటా ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పెట్టి రోడ్లు ఊడుస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం, మంచిదే. ఈ ఏడు ఒక శిబిరం పులికాట్ ఒడ్డున పెడదాం. బీపీ చూసే యంత్రం ఖరీదు రెండు వేల లోపు. పట్టీ ఎలా కట్టాలో, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి రెండుసార్లు ఎందుకు చూడాలో నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ముప్పై దాటినవారందరికీ బీపీ, షుగరు ఊరికే చూడాలన్నది ప్రభుత్వ కార్యక్రమమే; మనం చూసి ఎక్కువున్నవారి పేర్లు ఆ ఊరి ఏఎన్ఎమ్ గారికి అందిస్తే మాత్ర ఆమె చూసుకుంటుంది. కెమిస్ట్రీ వాళ్ళు డబ్బా మీద చక్కెర ఎంతుందో చదివి, అంత చక్కెర పళ్ళెంలో కుప్పగా పోసి తల్లులకు చూపించాలి. హోమ్ సైన్సు వాళ్ళు కరవాడును వండేముందు నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే ఉప్పు ఎంత దిగుతుందో చేసి చూపించాలి. తెలుగు వాళ్ళు మా పక్క మాటలో ఒక బుర్రకథ కట్టుకొస్తే ఇంకా మంచిది. డబ్బా ప్రకటనకు బదులు చెప్పాల్సింది అంతే రక్తిగా ఉండాలి గదా!

భీమునివారిపాలెం నుంచి ఇరకానికి పడవలున్నాయి. సరంజామా అంతా కలిపి ఒక చేతిసంచి: రెండు యంత్రాలు, బ్యాటరీలు, ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. దారిలో తినడానికి ఏదైనా పట్టుకెళ్ళాలనుకుంటే వేయించిన చెనక్కాయలు తీసుకురండి. పొట్టు ఊదకుండా.